75 గజాల లోపు ఇంటికి పర్మిషన్ అక్కర్లేదు, మరి ఆపుతున్నది ఎక్కడ?

మీ ప్రశ్న ఇది: హైదరాబాద్ శివారులో నాన్నగారు కొన్న 70 గజాల స్థలంలో జీ ప్లస్ వన్ కట్టుకోవాలి. పర్మిషనే అక్కర్లేదని అందరూ అంటున్నారు, అయినా పని ముందుకు సాగడం లేదు, ఎందుకు?

వాళ్లు చెప్పింది నిజమే. తెలంగాణలో 2020 నవంబరులో మొదలైన ఆన్‌లైన్ ఇంటి అనుమతుల విధానం టీఎస్-బీపాస్‌లో, 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి ప్లాన్ శాంక్షన్ అవసరం తీసేశారు. ఆన్‌లైన్‌లో వివరాలు పెట్టి, రూపాయి ఫీజు కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. అంతకంటే పెద్ద స్థలమైతే 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు మించకుండా, సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి ఇస్తారు. 2025లో బిల్డ్‌నౌ అనే కొత్త పోర్టల్ వచ్చింది కాబట్టి దరఖాస్తు ఎందులో పెట్టాలో మీ మున్సిపాలిటీలో కనుక్కోండి.

మా అమ్మ కోసం ఇలాంటి చిన్న స్థలంలోనే ఇల్లు కట్టించాం. ఈ రూల్ విలువ నాకు బాగా తెలుసు. కూలికి వెళ్లేవాళ్లు ఫైలు కోసం ఒక పూట ఆఫీసు చుట్టూ తిరిగితే ఆ రోజు కూలి పోయినట్టే. ఆ తిరుగుడు తప్పించడం చాలా పెద్ద మేలు.

మాకు చిక్కు వచ్చింది లోన్ దగ్గర. శాంక్షన్ అయిన ప్లాన్ చూపిస్తే తప్ప ఇవ్వమని బ్యాంకు చెప్పింది. రూపాయి రిజిస్ట్రేషన్‌లో అలాంటి ప్లాన్ ఉండదు. సరే, మామూలు అనుమతికే వెళ్దామంటే లేఅవుట్ నంబర్ కావాలన్నారు. మా ఊరు మున్సిపాలిటీ కాకముందు వేసిన పంచాయతీ లేఅవుట్ అది, అప్రూవల్ లేదు. దాంతో, అప్రూవల్ లేని ప్లాట్లను ఛార్జీ తీసుకుని క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద డబ్బు కట్టాల్సి వచ్చింది. మీ పని ఆగింది కూడా బహుశా ఇక్కడే.

నాకు అన్యాయంగా అనిపించేది ఆ ఎల్‌ఆర్‌ఎస్ లెక్కే. రెగ్యులరైజేషన్ ఛార్జీ ఒకటి. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలకపోతే దానికి ప్లాటు విలువలో 14 శాతం అదనం. పార్కు జాగా మింగి ప్లాట్లు చేసి అమ్మినవాడు డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ బాకీ తీర్చేది, అప్రూవ్డ్ వెంచర్ ధర భరించలేక అక్కడ కొన్న మనిషి. 75 గజాల లోపు ప్లాట్లకు ఈ 14 శాతం ఎత్తేసి, లేఅవుట్ వేసినవాళ్ల దగ్గర వసూలు చేయాలి. రూపాయి రిజిస్ట్రేషన్ పత్రాన్నే బ్యాంకులు ఒప్పుకునేలా చేయాలి. ఈ రెండూ జరిగితే ఎన్నో చిన్న ఇళ్లు వడ్డీ వ్యాపారి అప్పు లేకుండా లేస్తాయి.

రూల్స్ అన్నీ తీసేయమని మాత్రం అనను. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో చెరువుల పక్క కాలనీల్లో ఎన్నో ఇళ్లు మునిగాయి. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), నాలా బఫర్ (నాలా పక్కన కట్టకుండా వదలాల్సిన జాగా) విషయంలో ఎంత కచ్చితంగా ఉన్నా తక్కువే. మీ స్థలం వాటిలో లేదని ముందే చూసుకోండి.

మేస్త్రీ "ఇంకో అంతస్తు వేద్దాం, ఎవరూ చూడరు" అంటే వినకండి. రిజిస్టర్ చేసిన దానికి మించి కడితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం టీఎస్-బీపాస్ చట్టంలోనే ఉంది.

ఇక, 2020లో వెయ్యి రూపాయలు కట్టి ఎల్‌ఆర్‌ఎస్‌కు దరఖాస్తు పెట్టారేమో నాన్నగారిని అడగండి. అప్పట్లో లక్షలమంది పెట్టి మర్చిపోయారు. ఆ రసీదు దొరికితే, దాని నంబరుతో దరఖాస్తు ఎక్కడుందో చూసుకున్నాకే పునాదికి ముగ్గు పోయించండి.