తొలి రాత్రి టెంట్‌లో: కబ్ స్కౌట్ కుటుంబాల ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయి రెండో తరగతి చదువుతున్నాడు, కిందటి ఏడాది కబ్ స్కౌట్లలో (స్కౌట్లలో చిన్న పిల్లల విభాగం) చేరాడు. ఈ నవంబరులో మా ప్యాక్ (మా ఊరి కబ్ స్కౌట్ బృందం) మొదటిసారిగా ఒక రాత్రి క్యాంపింగ్‌కు వెళ్లాలని అనుకుని, ఏర్పాట్లు చూడమని నాకు అప్పగించారు. పదిహేను కుటుంబాల వరకు వస్తాయి, వాటిలో సగానికి పైగా మన తెలుగువారే. చాలామంది ఇంతవరకు టెంట్‌లో పడుకున్నవారు కారు, నేనూ అంతే. పిల్లలు రాత్రి భయపడతారేమోనన్న బెంగ కూడా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, ఆస్టిన్, టెక్సాస్

జవాబు: టెంట్లు, స్లీపింగ్ బ్యాగుల సంగతి తరువాత చూసుకోవచ్చు. ముందుగా తేల్చుకోవలసింది మీ ప్యాక్‌లో ‘బాలూ’ (BALOO: కబ్ స్కౌట్లను ఆరుబయటికి తీసుకెళ్లే పెద్దలకు ఇచ్చే ప్రాథమిక శిక్షణ) పూర్తి చేసినవారు ఎవరైనా ఉన్నారా అన్నది. కబ్ స్కౌట్ ప్యాక్ రాత్రి బస చేసే చోట ఈ శిక్షణ పూర్తి చేసిన నమోదిత సభ్యులు కనీసం ఒకరు ఉండి తీరాలన్నది స్కౌటింగ్ అమెరికా నియమం. 2025 ఫిబ్రవరి వరకు బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికాగా మనకు తెలిసిన సంస్థే ఇది. శిక్షణలో కొంత భాగం ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ముగించవచ్చు గాని, మిగిలిన భాగానికి స్వయంగా హాజరు కావాలి, అది మీ కౌన్సిల్ (ఆ సంస్థకు మీ ప్రాంతంలోని శాఖ) ఏర్పాటు చేసినప్పుడే దొరుకుతుంది. అందువల్ల కుటుంబాలకు తేదీ చెప్పే ముందే ఈ ఒక్క ముడి విప్పుకోండి. దీనిని చివరికి వాయిదా వేసి, అన్నీ సిద్ధమయ్యాక ప్రయాణం మానుకున్న ప్యాక్‌లు లేకపోలేదు.

స్థలం విషయంలో నా సలహా ఒక్కటే: దగ్గరలో చూడండి. ప్యాక్ బసకు కౌన్సిల్ ఆమోదించిన చోటునే ఎంచుకోవాలి కనుక ఆ జాబితాతో మొదలుపెట్టి, అందులో మీ ఇళ్లకు అతి దగ్గరగా ఉన్నదానిని తీసుకోండి. మెకిన్నీ ఫాల్స్ స్టేట్ పార్కు ఆస్టిన్ నగరంలోనే ఉంది. అంత దగ్గరా అని పెద్దలు పెదవి విరవవచ్చు, కాని ఏడేళ్ల పిల్లవాడికి అడవి ఎంత దూరంలో ఉందన్నది లెక్క కాదు. అర్ధరాత్రి ఎవరికైనా జ్వరం వచ్చినా, ఒక పాప ఏడుపు ఆపకపోయినా, అరగంటలో ఇల్లు చేరగలమన్న ధైర్యం తల్లిదండ్రులకు ఉంటే వారు నిశ్చింతగా ఉంటారు, పిల్లలూ వారిని చూసి కుదుటపడతారు. టెక్సాస్ రాష్ట్ర పార్కులలో ఐదు నెలల ముందు నుంచే చోటు బుక్ చేసుకోవచ్చు. నవంబరు వారాంతాలు త్వరగా నిండిపోతాయి, కాబట్టి ఆలస్యం చేయకండి.

ఇక రాత్రి సంగతి. మీ బెంగ పిల్లల గురించే అయినా, సిద్ధం చేయవలసింది ముఖ్యంగా పెద్దలను. నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి, ఆ తరువాత ఆస్టిన్‌లో సాయంత్రం ఆరు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. ఉద్యోగాలు, ట్రాఫిక్, దారిలో కొనుక్కోవలసిన మంచు గడ్డలు అన్నీ ముగించుకుని ఐదున్నరకు చేరిన కుటుంబం మొదటి టెంట్‌ను సెల్‌ఫోన్ వెలుగులో వేయవలసి వస్తుంది. ఆ చిరాకులో పుట్టిన మాటలే పిల్లలకు ఆ రాత్రి జ్ఞాపకంగా మిగులుతాయి. కాబట్టి అందరినీ శనివారం మధ్యాహ్నం రెండు గంటలకే రమ్మనండి, నాలుగింటికల్లా టెంట్లన్నీ నిలబడాలని ముందే చెప్పండి. అంతకు ముందు వారాంతంలో ఎవరి ఇంటి వెనుక వాకిట్లోనైనా అందరూ ఒకసారి టెంట్ వేసి తీసి చూసుకుంటే, కడ్డీ తగ్గిందో, మేకులు లేవో అక్కడే బయటపడుతుంది.

టెంట్ వేసే ముందు నేలను కాలి చెప్పుతో కాదు, కళ్లతో పరీక్షించండి. టెక్సాస్ నేలల్లో ఎర్ర అగ్గిచీమల పుట్టలు అక్కడక్కడ మెత్తగా రాలిన మట్టి గుట్టలా మాత్రమే కనిపిస్తాయి. కాలు పెట్టగానే పదుల సంఖ్యలో ఎక్కి ఒక్కసారిగా కుడతాయి, మర్నాటికి కుట్టిన చోట తెల్లని చీముపొక్కులు లేస్తాయి. బూట్లు బయట వదలకుండా లోపలే పెట్టుకోమనండి. పడక విషయంలో కొత్తవారందరూ పొరబడేది ఒకటుంది: చలి పైనుంచి వస్తుందనుకుని దుప్పట్లు మోసుకొస్తారు, కాని వేడిని లాగేసేది కింది నేల. మామూలు గాలిపరుపు లోపలి గాలి కూడా రాత్రికి చల్లబడిపోతుంది. దానికంటే స్లీపింగ్ బ్యాగు కింద ఒక ఫోమ్ చాప పరచడం మేలు. చెమట పట్టిన పగటి బట్టలు మార్చి పొడి బట్టలతో పడుకోబెట్టండి.

తల్లి లేదా తండ్రి తమ బిడ్డతో ఒకే టెంట్‌లో పడుకోవచ్చు, అంతేగాని మరొకరి పిల్లలను తమ టెంట్‌లోకి తీసుకోరాదు. నమోదైన పెద్దలు కనీసం ఇద్దరు, ఇరవై ఒకటి నిండినవారు, మొత్తం సమయం అక్కడే ఉండాలి. పిల్లలకే కాక పెద్దలకూ స్కౌటింగ్ అమెరికా ఆరోగ్య పత్రంలోని మొదటి రెండు భాగాలు నింపి తేవాలి. ఒక రాత్రి బసకు డాక్టరు సంతకం అక్కరలేదు.

క్యాంప్‌ఫైర్ గురించి పిల్లలకు ముందుగా మాట ఇవ్వకండి. కరవు రోజుల్లో కౌంటీ అధికారులు నిప్పు నిషేధం విధిస్తారు, అది ప్రయాణానికి ముందురోజు కూడా రావచ్చు. పొరుగున ఉన్న బాస్ట్రాప్ కౌంటీలో 2011 సెప్టెంబరులో, ఎండిన చెట్లు ఈదురుగాలికి విద్యుత్ తీగలపై పడి మంటలు రేగి, పదహారు వందలకు పైగా ఇళ్లు కాలిపోయాయి. ఆ ప్రాంతంవారు ఈ నిషేధాన్ని ఎందుకంత గట్టిగా పాటిస్తారో దీనిని బట్టి తెలుస్తుంది. బ్యాటరీ లాంతర్లను మధ్యలో గుంపుగా పెట్టి చుట్టూ కూర్చుంటే పాటలు, చిన్న నాటికలు చక్కగా సాగుతాయి. ఉరుము వినిపిస్తే మాత్రం టెంట్‌లో దాక్కోకుండా కార్లలోకి వెళ్లాలి, చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటికి రాకూడదు.

ప్రశ్న: మా ప్యాక్‌లో శాకాహారులు ఎక్కువ. మొదటి క్యాంపింగ్‌లో భోజనం ఎలా? ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు కూడా వస్తామంటున్నారు.
— ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: మొదటిసారి వంటను ఉత్సవంగా చేయకండి. రాత్రికి ఇంటినుంచి తెచ్చిన పులిహోర, చపాతీలు, బంగాళదుంప కూర చాలు. ఉదయం గ్యాస్ స్టవ్ మీద ఉప్మా చేస్తే పిల్లలు నీళ్లు పోయడం, కూరలు కడగడం వంటి పనులకు అందివస్తారు. పెరుగన్నం మాత్రం ఐస్ పెట్టెలోంచి తీసిన రెండు గంటల లోపు తినేయాలి, ఎండ తొంభై డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే గంటలోపే. రాత్రి ఆ పెట్టెలను కార్లలో పెట్టి తాళం వేయండి, రకూన్లు మూతలు తీయడంలో మహా నేర్పరులు.

ఒక్క చోట జాగ్రత్త అవసరం. పిల్లలు ఎంతో ఆశగా ఎదురుచూసేది స్మోర్స్, అంటే మార్ష్‌మెలో అనే మెత్తని మిఠాయిని పుల్లకు గుచ్చి నిప్పుపై కాల్చి, చాక్లెట్‌తో బిస్కెట్ల మధ్య పెట్టి తినే తీపి. మామూలు మార్ష్‌మెలోలలో జెలటిన్ ఉంటుంది, అది పంది లేదా పశువుల చర్మం, ఎముకల నుంచి తీసినది. శాకాహార కుటుంబాల పిల్లలు నిప్పు ముందు కూర్చున్నాక ఈ మాట చెప్పడం అన్యాయం. జెలటిన్ లేని రకాలు దొరుకుతున్నాయి. అందరికీ అవే కొంటే ఎవరి పుల్ల ఎవరిదో చూసుకోవలసిన పనీ ఉండదు.

అత్తమామలు పగలంతా, సాయంత్రం పాటల వరకు సంతోషంగా ఉండవచ్చు. కాని రాత్రి బస చేసే పెద్దలు సంస్థలో సభ్యులుగా నమోదై ఉండాలి; ఇందుకు మినహాయింపు ఉన్నది తమ బిడ్డతో వచ్చే తల్లిదండ్రులకు, చట్టబద్ధ సంరక్షకులకు మాత్రమే. మనవడితో టెంట్‌లో పడుకోవాలని వారికి ఉంటే వారిని సభ్యులుగా నమోదు చేయించే వీలు గురించి ముందుగానే కౌన్సిల్‌ను అడగండి. లేదా రాత్రి తొమ్మిదింటికి వారిని ఇంటికి చేర్చేందుకు ఒక కారును, దానిని నడిపేవారిని ముందే ఖాయం చేసుకోండి.