పన్ను సంగతి సరే, హాస్టల్‌కి రాసే పది లక్షలు హాస్టల్‌కే చేరాలంటే?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. సొంతంగా కట్టుకున్న ఇల్లు, మా నాయన ద్వారా వచ్చిన నాలుగెకరాలు, కొన్ని ఎఫ్‌డీలు ఉన్నాయి. లండన్‌లో ఉండే మా అబ్బాయి "నీ తర్వాత నలభై శాతం పన్నుకే పోతుంది, ఛారిటీకి రాస్తే తగ్గుతుంది" అంటున్నాడు. పన్ను ఎలా ఉన్నా, ఆడపిల్లల హాస్టల్ నడిపే ఒక ట్రస్టుకు పది లక్షలు రాయాలని నాకుంది. ఎట్లా రాయాలి?

జవాబు: సార్, మీ అబ్బాయి చెప్పింది అబద్ధమేమీ కాదు, కాకపోతే అది అక్కడి లెక్క. బ్రిటన్‌లో మామూలుగా 3,25,000 పౌండ్లు దాటిన ఆస్తి మీద 40 శాతం వారసత్వ పన్ను ఉంది, ఛారిటీకి రాసిన దాని మీద పడదు, లెక్కకొచ్చే ఆస్తిలో కనీసం పదో వంతు అలా రాస్తే మిగతా దాని మీద రేటు 36కి దిగుతుంది. కానీ ఆ పన్ను చూసేది చనిపోయిన మనిషి ఎక్కడివాడు, ఆస్తి ఎక్కడుంది అని, కొడుకు ఎక్కడున్నాడని కాదు. మీరు ప్రొద్దుటూరులోనే ఉంటూ, బ్రిటన్‌లో మీ పేరు మీద ఏమీ లేకపోతే దానికీ మీకూ సంబంధం లేదు.

మన దేశంలో ఇలాంటి పన్నే ఎస్టేట్ డ్యూటీ అని 1953లో తెచ్చారు, ఒక దశలో పై స్లాబు 85 శాతం దాకా పోయింది, 1985 మార్చి 16 నుంచి ఎత్తేశారు. ఎన్నికలొస్తే చాలు మళ్లీ తెస్తారని టీవీల్లో గోల, పట్టించుకోకండి. వీలునామాతో వచ్చిన ఆస్తిని ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ఆదాయంగా చూడరు. పిల్లలు ఆ ఇల్లు అమ్మినప్పుడు మాత్రం లాభం మీద పన్ను ఉంటుంది, అప్పుడు మీకు అయిన ఖర్చే అసలు ధర కింద లెక్క, కాబట్టి స్థలం దస్తావేజు, కట్టుబడి బిల్లులు పారేయకండి.

అసలు టెన్షన్ పడాల్సింది వీలునామా రాత గురించి. చాలామంది "పది లక్షలు ధర్మానికి" అని రాసేసి ఊరుకుంటారు. ఒట్టి "ధర్మం" అంటే దేనికో తేలదు, చెల్లదు అని ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన అత్యున్నత కోర్టు) 1899లోనే తేల్చేసింది. ట్రస్టు పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా రాయండి. ఆ రోజుకి అది మూతపడి ఉంటే డబ్బు ఎవరికి పోవాలో కూడా రాయండి. వడ్డీతోనే నడపాలి, అసలు కదలకూడదు అనుకుంటే ఆ మాట స్పష్టంగా ఉండాలి.

పొలం జోలికి పోకుండా ఎఫ్‌డీల నుంచే ఇవ్వమని నా సలహా. ఆ నాలుగెకరాలు మీ నాయన సొంతంగా కొన్నవైతే ఒక దారి, తాతల నాటివైతే పిల్లలకు, అమ్మాయి ఉంటే ఆమెకూ, పుట్టుకతోనే వాటా ఉంటుంది, మీరు రాయగలిగింది మీ వంతు వరకే. డీకేటీ పట్టా (ప్రభుత్వం ఇచ్చిన భూమి) అయితే ఇంకో తలనొప్పి.

ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడే చోటు ఒకటుంది. ఎఫ్‌డీకి నామినీగా అబ్బాయి పేరు ఉండి, వీలునామాలో హాస్టల్ పేరు ఉంటే, బ్యాంకు డబ్బు తెచ్చి అబ్బాయి చేతిలోనే పెడుతుంది. నామినీ ఓనరు కాడు, హక్కుదారుకి అప్పజెప్పాల్సిన మనిషి మాత్రమే, కానీ లండన్ నుంచి వచ్చి ఆ పని ఎవరు చేస్తారు? బ్యాంకు డిపాజిట్‌కి ట్రస్టును నామినీగా పెట్టడం కుదరదు, మనిషి పేరే ఉండాలి. అందుకని ఆ పది లక్షలకు వేరే ఎఫ్‌డీ వేసి, ఊళ్లో మీరు నమ్మే ఒకరిని వీలునామాలో ఎగ్జిక్యూటర్‌గా (దాన్ని అమలు చేసే మనిషిగా), ఆ ఎఫ్‌డీకి నామినీగా పెట్టండి.

ఇద్దరు సాక్షులు కచ్చితంగా ఉండాలి, మీకంటే వయసులో బాగా చిన్నవాళ్లయితే మేలు, రేపు కోర్టులో చెప్పడానికి వాళ్లు ఉండాలి కదా. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ లేదు, అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించండి. మనసు మారితే ఎప్పుడైనా తిరగరాసుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. విరాళాలకు ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఇచ్చే రాయితీ (80జి) వీలునామాకు రాదు. అది కావాలంటే, పాత పన్ను విధానంలో ఉంటే, కొంత ఇప్పుడే చెక్కుతో ఇవ్వండి.

మీ ఉత్తరంలో మేడమ్ గారి ప్రస్తావన లేదు. ఆమె ఉంటే, ఇంట్లో జీవితాంతం ఉండే హక్కు, ఖర్చులకు సరిపడా వడ్డీ ముందు ఆమె పేరున రాసి, ఆ తర్వాతే హాస్టల్ పేరా మొదలుపెట్టండి.