ఒక సెల్లు, ఒక బల్బు, ఒకే వైరు

నాలుగేళ్లుగా హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతున్నానని, ఈ వేసవిలో నెల రోజులు చేతిలో ఉన్నాయని, ఉపాధ్యాయుల శిక్షణల ప్రకటనలు చూస్తుంటే దేనికి వెళ్లాలో తోచడం లేదని రాశారు. వెళ్లినందువల్ల తరగతిలో నిజంగా తేడా వస్తుందా అని కూడా అడిగారు. నేను పదిహేడేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఆరు వేసవులు ఏదో ఒక శిక్షణకు ఇచ్చాను. వాటిలో రెండు బొత్తిగా వృథా. రెండు పరవాలేదు. మిగిలిన రెండూ నేను పాఠం చెప్పే తీరునే మార్చేశాయి. ఆ రెండింటి గురించే ఎక్కువ చెబుతాను.

మొదటిది మూడు వారాల శిక్షణ. అప్పటికి ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది. మొదటి రోజు పరిచయాలు కూడా పూర్తికాకముందే ఇద్దరిద్దరికి ఒక టార్చి సెల్లు, ఒక టార్చి బల్బు, జానెడు రాగి వైరు ఇచ్చారు. హోల్డరు లేదు, స్విచ్చు లేదు, రెండో వైరు లేదు. బల్బు వెలిగించండి అన్నారు. గదిలో ముప్పై మందిమి ఉన్నాం. ఓమ్ నియమం నిద్రలో లేపి అడిగినా చెప్పగలవాళ్లమే అందరం. నేను వైరు ఒక కొనను సెల్లు అడుగుకు ఆనించి, రెండో కొనను బల్బు కింది బుడిపెకు అదిమి, ఆ బుడిపెను సెల్లు నెత్తిన నిలబెట్టాను. వెలగలేదు సరికదా, వైరు వేడెక్కి వేలు చురుక్కుమంది. సెల్లు అయిపోయి ఉంటుందని చెప్పి ఇంకొకటి అడిగి తెచ్చుకున్నాను. అదీ అంతే.

నా జతగా కూర్చున్నావిడ జీవశాస్త్రం టీచరు. ఆవిడ బల్బును కళ్లకు దగ్గరగా పెట్టుకుని, లోపలి సన్నతీగ రెండు కాళ్లూ ఎక్కడికి దిగుతున్నాయో చూశారు. ఒక కాలు కింది బుడిపెకు దిగింది. రెండోది పక్కనున్న మరల తొడుగుకు. వైరు కొనను బుడిపె నుంచి తీసి ఆ తొడుగు పక్కకు తాకించారు. వెలిగింది.

ఆ సంగతి నాకు తెలియదని కాదు. తెలుసుననే అనుకునేదాన్ని. బోర్డు మీద బల్బును ఒక సున్నా, అందులో ఇంటూ గుర్తుగా గీస్తాం. ఆ గుర్తుకు ఎడమన ఒక గీత, కుడిన ఒక గీత ఉంటాయి. చేతిలోని బల్బుకు ఎడమా కుడీ లేవు. ఆరేళ్లుగా నేను చెబుతున్నది గుర్తుల గురించి, బల్బుల గురించి కాదు. శిక్షణ ఇస్తున్నావిడ ఒక్క జవాబు కూడా చెప్పలేదు. వెలగని అమరికలన్నింటినీ బొమ్మలు గీసి, ఒక్కొక్కటీ ఎందుకు వెలగలేదో రాయమన్నారు. నా నోటు పుస్తకంలో ఏడు బొమ్మలు చేరాయి. ఇప్పటికీ నా విద్యుత్తు పాఠం ఆ ఏడు బొమ్మలతోనే మొదలవుతుంది. "సెల్లు అయిపోయింది టీచర్" అని పిల్లలు అన్నప్పుడు నవ్వే హక్కు నాకు ఆ రోజే పోయింది.

ఈ తరహా శిక్షణకు చరిత్ర ఉంది. అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ హెస్టినీస్, ఆయనతో కలిసి పనిచేసిన హైస్కూలు ఉపాధ్యాయుడు మాల్కమ్ వెల్స్ దీన్ని మోడలింగ్ పద్ధతిగా మలిచారు. 1992లో వారు గ్రెగ్ స్వాక్‌హామర్‌తో కలిసి బలం అంటే ఏమిటో పిల్లలకు ఎంత అర్థమైందో పరీక్షించే ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అనే ప్రశ్నపత్రాన్ని ప్రచురించారు. లెక్కలు, సూత్రాలు అక్కరలేని బహుళైచ్ఛిక ప్రశ్నలు అవి. చేతిని వదిలి పైకి పోతున్న బంతి మీద ఏయే బలాలు పనిచేస్తాయి అన్న తరహావి. మార్కులు బాగా తెచ్చుకునే పిల్లలు కూడా, పైకి పోతోంది కాబట్టి పైవైపు బలం ఉండి తీరాలి అని గుర్తు పెడతారు. ఆ ప్రశ్నపత్రాన్ని మీ తరగతికి ఒకసారి ఇచ్చి చూడండి. ఏ వేసవి శిక్షణ కావాలో అదే చెబుతుంది. ఇచ్చేముందు మీరూ రాయండి, ఎవరికీ చూపించనక్కరలేదు.

మోడలింగ్ శిక్షణలో ఉపాధ్యాయులు కొంతసేపు విద్యార్థి పాత్రలో ఉంటారు, కొంతసేపు మళ్లీ ఉపాధ్యాయులవుతారు. విద్యార్థి పాత్రలో ఉన్నప్పుడు ప్రయోగం చేసి, ఫలితాన్ని పెద్ద వైట్‌బోర్డు మీద రాసి, గుండ్రంగా నిలబడి మిగతావాళ్ల ప్రశ్నలకు జవాబివ్వాలి. మీ పిల్లలు ఏ తప్పు చేస్తారో ఊహించి ఆ తప్పే చెప్పమంటారు. నేను వెళ్లిన చోట కూడా ఇదే తీరు. నా ఇబ్బంది ఏమిటంటే, మూడో రోజుకు నేను నటించి చెబుతున్న తప్పేదో, నిజంగా నమ్ముతున్న తప్పేదో నాకే తేడా తెలియలేదు.

ఇక రెండు వృథా వేసవుల సంగతి. రెండూ ఐదేసి రోజులవి. వేదిక మీద ఎప్పుడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. ప్రయోగం చూపించారు, మేము ఫోనుతో ఫోటోలు తీసుకున్నాం. పిల్లల చేత చేయించాలి, ఉపన్యాసం ఇవ్వకూడదు అని గంటన్నర ఉపన్యాసం విన్నాం. చివరి రోజు సర్టిఫికెట్టు ఇచ్చారు. ఫోటోలు పాత ఫోనుతో పాటే పోయాయి. సర్టిఫికెట్టు ఉంది.

అందుకే కార్యక్రమం పేరు, జరిపే సంస్థ పేరు తర్వాత చూడండి, ముందు దినచర్య అడిగి తెప్పించుకోండి. రోజులో ఎన్ని గంటలు మీ చేతులకు పని ఉంది, ఎన్ని గంటలు మీ చెవులకు? ఆ ఒక్క లెక్కతో సగం ప్రకటనలు పక్కకు పోతాయి. తర్వాత, అంతకుముందు వెళ్లొచ్చినవాళ్లను పట్టుకోండి. బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. వచ్చాక ఏ పాఠం మార్చావు అని అడగండి. పాఠం పేరు వెంటనే నోటికి వస్తే ఆ కార్యక్రమం మంచిది.

ఎన్ని రోజులు అన్నది కూడా చిన్న విషయం కాదు. 2007లో అమెరికాలో వెలువడిన ఒక సమీక్ష, ఉపాధ్యాయ శిక్షణపై వచ్చిన 1300కు పైగా అధ్యయనాలను జల్లెడ పట్టి, కట్టుదిట్టమైన ప్రమాణాలకు నిలిచినవి తొమ్మిదేనని తేల్చింది. ఆ తొమ్మిదింటిలో శిక్షణ సగటున 49 గంటలు. 14 గంటలు, అంతకన్నా తక్కువ ఉన్నవాటిలో పిల్లల చదువు మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు. తొమ్మిదంటే కొద్దే, అవీ ప్రాథమిక తరగతులకు సంబంధించినవే. కాబట్టి దీన్ని శాసనంలా పట్టుకోనక్కరలేదు. కానీ నా అనుభవం కూడా అటే మొగ్గుతుంది. రెండు రోజుల్లో కొత్త విషయం తెలుస్తుంది, పాత అలవాటు మాత్రం కదలదు.

నాకు మేలు చేసిన రెండో వేసవి పరిశోధనశాలలో గడిచింది. అమెరికాలో జాతీయ సైన్స్ ఫౌండేషన్ ఇలాంటి కార్యక్రమాలకు చాలాకాలంగా నిధులిస్తోంది. ఉపాధ్యాయులు వేసవిలో కొన్ని వారాలు విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో పరిశోధకులతో కలిసి పనిచేస్తారు. నేను చేసింది ఆ పథకం కింద కాదు. ఒక ప్రొఫెసరుకు ఉత్తరం రాసి, ఆరు వారాలు ఊరికే పనిచేస్తానని అడిగి వెళ్లాను. ప్రకటన లేనిచోట కూడా అడిగితే తలుపు తెరుచుకుంటుందని అప్పుడే తెలిసింది. మొదటి నాలుగు వారాలు మా పరికరం నమోదు చేసే సంకేతంలో ఒక లయ కనబడుతూ వచ్చింది. దాని మీద గ్రాఫులు గీశాం, వాదించుకున్నాం, నేను రహస్యంగా సంబరపడ్డాను కూడా. ఐదో వారంలో తేలింది, అది పక్క గదిలో తిరుగుతున్న పంపు కంపనమని. ప్రొఫెసరు ఏమీ నొచ్చుకోలేదు. "మంచిదే, ఒకటి తెలిసింది" అని పంపు కింద రబ్బరు పరిచారు.

అప్పటిదాకా నా ల్యాబులో లోలకం ప్రయోగం చేసి గురుత్వ త్వరణం 9.8కి బదులు 9.4 తెచ్చినవాళ్లకు నేను మార్కులు తగ్గించేదాన్ని. దాంతో పిల్లలు తెలివిగా 9.8 వచ్చేలా కొలతలు దిద్దుకునేవారు. సైన్సు ల్యాబులో అబద్ధం చెప్పడం నేర్పుతున్నది నేనే. తిరిగి వచ్చిన ఏడాది, 9.4 వచ్చినవాళ్లను ఎందుకు వచ్చిందో వెతకమన్నాను. ఒక అమ్మాయి రెండు పీరియడ్లు తంటాలు పడి, దారం పొడవు ముడి వరకే కొలిచానని పట్టుకుంది. కొలవాల్సింది గుండు మధ్యబిందువు వరకు. గుండు వ్యాసార్థం రెండు సెంటీమీటర్లు, అసలు పొడవు యాభై. ఆ రెండు సెంటీమీటర్లు కలిపి మళ్లీ లెక్క వేస్తే 9.8 వచ్చింది. ఆ అమ్మాయి ముఖం చూడాల్సింది.

ఇక పేరున్న కార్యక్రమాలు. జెనీవా దగ్గరి కణ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ 1998 నుంచి ఉపాధ్యాయుల కోసం కార్యక్రమాలు నడుపుతోంది. వేర్వేరు దేశాల హైస్కూలు ఉపాధ్యాయులు వేసవిలో సుమారు రెండు వారాలు అక్కడ ఉండి, ఉపన్యాసాలు వింటారు, ప్రయోగస్థలాలు చూస్తారు, కంటికి కనబడని కణాల జాడలను చూపించే క్లౌడ్ చాంబర్ అనే పెట్టెను సొంతంగా తయారుచేస్తారు. నాతో పనిచేసే ఒకావిడ వెళ్లొచ్చి మా ల్యాబులో అదే చేసి చూపించారు. గాజు పెట్టె పైభాగంలో ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన ఫెల్టు గుడ్డ, అడుగున నల్లటి లోహపు పలక, దాని కింద సుమారు మైనస్ 78 డిగ్రీల డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. లైట్లు ఆర్పి పక్క నుంచి టార్చి వేశారు. పది నిమిషాలు సన్నటి తుంపర తప్ప ఏమీ లేదు. వెనక వరుసలో గుసగుసలు మొదలయ్యాయి. అంతలో పెట్టె అడుగున తెల్లటి దారం లాంటిది ఒకటి సర్రున సాగి కరిగిపోయింది. పొట్టిగా మందంగా ఉంటే ఆల్ఫా కణం, పొడుగ్గా తిన్నగా ఉంటే మ్యూయాన్, అంటే విశ్వకిరణాల వల్ల వాతావరణంలో పుట్టి కిందికి వచ్చే కణం కావచ్చు. సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒక మ్యూయాన్ పడుతుంటుంది, మన అరచేతిలోంచి కూడా దూసుకుపోతుంటాయి అని ఆవిడ చెప్పగానే, చీకట్లో అందరూ తమ చేతులు చూసుకున్నారు.

కెనడాలోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ పెరిమీటర్ ఐన్‌స్టీన్‌ప్లస్ పేరుతో వేసవిలో వారం రోజుల శిక్షణ నడిపింది, ఆధునిక భౌతికశాస్త్రం చెప్పేవాళ్ల కోసం. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లోరటోరియం మ్యూజియంలో 1984 నుంచి ఉపాధ్యాయుల విభాగం ఉంది. వెళ్లలేకపోయినా, చవక వస్తువులతో చేయగల వాళ్ల ప్రయోగాల వివరాలు ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. అలాగే అమెరికా సముద్ర, వాతావరణ పరిశోధన సంస్థ 1990 నుంచి అక్కడి ఉపాధ్యాయులను పరిశోధన నౌకల మీదకు పంపుతూ వచ్చింది. ఇవన్నీ ఎవరికి, ఎప్పుడు అన్నది ప్రకటనలో ముందే సరిచూసుకోండి. జూలై, ఆగస్టుల్లో జరిగేవి చాలా. మీ సెలవులు అంతకుముందే అయిపోతే హెడ్మాస్టరుతో సెలవు మాట ముందే తేల్చుకోవాలి. దరఖాస్తు గడువులు కూడా వేసవికి నెలల ముందే ముగుస్తాయి. ఈ ఏడాది కొన్ని దాటిపోయి ఉండవచ్చు.

దరఖాస్తు గురించి ఒక మాట. నా మొదటి దరఖాస్తును తిరస్కరించారు. ఇప్పుడు చదివితే నేనైనా అదే పని చేసేదాన్ని. సైన్సు మీద నాకెంత మక్కువో రెండు పేజీలు రాశాను. రెండోసారి ఒక పాఠం ఎలా చెడిపోయిందో రాశాను. ఏం చెప్పాను, పిల్లలు ఏమన్నారు, నాకు ఎక్కడ దారి తోచలేదు, అంతే. సీటు వచ్చింది. సిఫారసు లేఖ ఇచ్చేవారికి కూడా ఆ పాఠం సంగతే చెప్పండి, లేకపోతే క్రమశిక్షణ, సమయపాలన అని రాసి ఇస్తారు.

ఆన్‌లైన్ కోర్సుల సంగతి కూడా అడిగారు. విషయజ్ఞానానికి మంచివే, ముఖ్యంగా మీది కాని శాస్త్రం కూడా చెప్పాల్సి వచ్చినప్పుడు. నేను రసాయనశాస్త్రం అలాగే దిద్దుకున్నాను. కానీ తోటి టీచరుతో కలిసి, సామాను ముందు పెట్టుకుని చేస్తేనే. ఒంటరిగా చూసిన వీడియోల్లో నాకు గుర్తున్నవి దాదాపు లేవు.

ఇంకొకటి, ఎక్కువమంది పట్టించుకోనిది: శిక్షణ అయ్యాక ఏం జరుగుతుంది? మధ్యప్రదేశ్‌లో 1972లో పదహారు పాఠశాలలతో మొదలై 2002 దాకా నడిచిన హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమంలో వేసవి శిబిరాలతో పని అయిపోయేది కాదు. ఏడాది పొడవునా ఉపాధ్యాయులు నెలనెలా కలుసుకుని, తరగతిలో ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని మాట్లాడుకునేవారు. మీరు ఎంచుకునే కార్యక్రమంలో అలాంటిది లేకపోతే మీరే పెట్టుకోవచ్చు. నా బల్బు జతగత్తె, నేను పదకొండేళ్లుగా నెలకోసారి ఫోనులో గంటసేపు మాట్లాడుకుంటున్నాం. సగం సమయం ఫిర్యాదులకే పోతుందనుకోండి.

నెలంతా నింపుకోకండి. రెండు మూడు వారాల కార్యక్రమం ఒక్కటి ఎంచుకుని, కనీసం పది రోజులు ఖాళీగా వదిలేయండి. తిరిగొచ్చాక పాఠాలన్నీ ఒకేసారి మార్చాలని చూస్తే అక్టోబరుకల్లా పాత నోట్సుకే చేరతారు. నేను మొదటి ఏడాది విద్యుత్తు ఒక్కటే మార్చాను. కాంతి మరుసటి ఏడాది. ఉష్ణం ఇప్పటికీ పాతదే.

మీరు ఏ తరగతులకు చెబుతారో, ఏ పాఠం దగ్గర పిల్లలు ఎక్కువగా తడబడుతున్నారో ఇక్కడ రాయండి. ఎంచుకున్న రెండు మూడు కార్యక్రమాల దినచర్యలు కూడా పెడితే, ఏది వదిలేయవచ్చో నేను చెబుతాను.