బెలూన్ ఎక్కాలనుంది, ఎక్కడ ఎప్పుడు ఎలా?

పోయిన సంచికలో హాట్ ఎయిర్ బెలూన్ ఫోటో ఒకటి వేసిన పాపానికి ఈసారి ఉత్తరాలన్నీ గాల్లోనే తేలుతున్నాయి. ఒకేలాంటివి కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: టర్కీలో కపడోసియాకి వెళ్తున్నాం, మూడు రోజులుంటాం. స్పెషల్‌గా ఉంటుందని మావారు బెలూన్ ఆఖరి రోజు పొద్దున్నకి బుక్ చేశారు. ఓకేనా?

జవాబు: ఓకే కాదండీ, ముందు ఆ డేట్ మార్పించండి. దిగిన మర్నాడు పొద్దున్నకే పెట్టుకోండి. అక్కడ బెలూన్ లేవాలా వద్దా అన్నది మీకు టికెట్ అమ్మినవాళ్ళ చేతిలో ఉండదు, టర్కీ సివిల్ ఏవియేషన్ వాళ్ళు గాలి లెక్కలు చూసి సరే అంటేనే లేస్తాయి, వద్దంటే ఆ పూటకి అన్ని కంపెనీలకీ వద్దనే. ఆ రోజు రద్దయినా ఇంకో పొద్దున్న మీ చేతిలో ఉంటుంది, అదే ఆఖరి రోజు రద్దయిందనుకోండి, డబ్బులు వెనక్కొస్తాయేమో గానీ మీరు మాత్రం నేలమీంచే సూట్‌కేస్ లాక్కుంటూ ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరాలి. చలికాలంలో ఈ రద్దులు మరీ ఎక్కువ, వరసగా కొన్ని రోజులు ఒక్క బెలూన్ కూడా లేవకపోవచ్చు, మంచు పడ్డ అక్కడి రాతి శిఖరాలు పైనుంచి చూడాలనే ఆశ ఉంటే ఎక్కువ రోజులు పెట్టుకుని వెళ్ళాలి. ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్ నయం. ఇంకోటి, డబ్బు కట్టేముందు బుట్టలో ఎంతమందిని ఎక్కిస్తారో, గాల్లో ఎంతసేపు ఉంచుతారో, రద్దయితే మొత్తం డబ్బు ఇస్తారా లేక వేరే డేట్ అంటారా, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. చవగ్గా వచ్చిందని సంబరపడేవాళ్ళు చాలామంది తర్వాత ఇరవై పైచిలుకు జనం ఉన్న బుట్టలో మధ్యలో ఇరుక్కుని పక్కవాళ్ళ భుజాలు చూసొస్తుంటారు.

ప్రశ్న: అసలు తెల్లారకముందే ఎందుకు లేపుతారు? మధ్యాహ్నం తీరిగ్గా ఎక్కకూడదా?

జవాబు: ఎక్కకూడదు. బెలూన్ లోపలి గాలిని దాదాపు 100 డిగ్రీలకి వేడి చేస్తారు, బయట 20 డిగ్రీలు ఉందనుకుంటే ఒక్కో ఘనపు మీటరు వేడిగాలి మోయగలిగేది పావు కిలోనే, అంటే 3,000 ఘనపు మీటర్ల బెలూన్ అయినా గుడ్డ, బుట్ట, గ్యాస్ సిలిండర్లు, మనుషులు అన్నీ కలిపి 750 కిలోల దగ్గర ఆగిపోవాలి. బయట చల్లగా ఉంటే ఈ లెక్క కాస్త అనుకూలంగా ఉంటుంది. కానీ అసలు కారణం అది కాదు. ఎండెక్కాక నేల వేడెక్కి అక్కడక్కడా గాలి ఉన్నట్టుండి పైకి తన్నుకొస్తుంది, గద్దలు రెక్క ఆడించకుండా పైపైకి పోయేది ఆ గాలి మీదే. గద్దకి అది పండగే గానీ బెలూన్ అందులో పడితే పైలట్ మాట వినదు. అందుకే సూర్యోదయం వేళ, కొన్ని చోట్ల సూర్యాస్తమయం ముందు, అంతే.

ప్రశ్న: స్టీరింగ్ ఉండదంట కదా, మరి ఎటు పోతామో ఎలా తెలుస్తుంది?

జవాబు: కచ్చితంగా తెలీదు, అదే మజా. బర్నర్ వేస్తే పైకి, నెత్తిమీద మూత తాడుతో లాగి కాస్త వేడిగాలి వదిలితే కిందికి, పైలట్ చేతిలో ఉన్నది ఇదే. అయితే ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో వైపు వీస్తుంటుంది కాబట్టి ఎత్తు మార్చుకుంటూ దారి వెతుక్కుంటారు. అమెరికాలో న్యూ మెక్సికోలోని అల్బకర్కీ దీనికి పేరుమోసిన చోటు, అక్కడ కొన్ని పొద్దుళ్ళు కింది గాలి దక్షిణానికి తోస్తే పై గాలి ఉత్తరానికి తెస్తుంది, దాన్ని బాక్స్ అంటారు, కలిసొస్తే ఎక్కిన చోటికి దగ్గర్లోనే దిగొచ్చు. 1972లో 13 బెలూన్లతో మొదలైన అక్కడి ఫియెస్టాకి, అంటే బెలూన్ల పండగకి, ఇప్పుడు ప్రతి అక్టోబర్‌లో వందల బెలూన్లు వస్తాయి. ఎక్కకపోయినా సరే, కింద నిలబడి చూడ్డానికైనా వెళ్ళాల్సిన ఊరది.

ప్రశ్న: నాకు ఎత్తంటే భయం, అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. ఇద్దరం ఎక్కొచ్చా?

జవాబు: మీరు ఎక్కొచ్చేమో, ఆవిడ విషయంలోనే ఆలోచించాలి. బెలూన్ గాలితో పాటే పోతుంది కాబట్టి మొహానికి గాలి తగలదు, ఊగదు, మేడమీంచి తొంగిచూస్తే కళ్ళు తిరిగే చాలామందికి ఇందులో ఆ బాధ ఉండదంటారు. అందరికీ అలాగే ఉంటుందని మాత్రం గ్యారంటీ ఇవ్వలేను. ఇక మోకాళ్ళ సంగతి, గంటసేపు నిలబడే ఉండాలి, కొన్ని బుట్టలకి తలుపుండదు, పక్కనున్న కన్నాల్లో కాలు పెట్టి ఎక్కి లోపలికి దిగాలి, దిగేటప్పుడు గాలి గట్టిగా ఉంటే బుట్ట నేలమీద ఎగిరెగిరి పడి ఒక్కోసారి పక్కకి ఒరుగుతుంది, అప్పుడు మోకాళ్ళు కాస్త వంచి లోపలి పట్టీలు పట్టుకుని ఉండాలి. గర్భిణుల్ని, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళని, మరీ చిన్న పిల్లల్ని మామూలుగా ఎక్కించరు. అత్తయ్యగారిని బెలూన్ వెనకాలే నేలమీద వచ్చే బండిలో కూర్చోబెట్టడం వీలవుతుందేమో కంపెనీని అడగండి. మీ ట్రావెల్ ఇన్సూరెన్స్ బెలూన్‌కి వర్తిస్తుందో లేదో కూడా చూసుకోండి, చాలా పాలసీల్లో ఉండదు.

ప్రశ్న: లక్సర్‌లో ప్రమాదం జరిగిందని చదివాం. ధైర్యం చెయ్యొచ్చా?

జవాబు: జరిగింది. 2013 ఫిబ్రవరి 26న ఈజిప్టులోని లక్సర్‌లో దిగే సమయంలో మంటలంటుకుని బెలూన్ మళ్ళీ పైకి లేచి కూలిపోయింది, అందులో ఉన్న 21 మందిలో 19 మంది చనిపోయారు. అంత ఘోరాలు అరుదే, కానీ రిస్క్ సున్నా అనేవాళ్ళని నమ్మొద్దు. మీకు ఒక గుర్తు చెప్తాను, గాలి బాలేదు ఈరోజు వద్దు అని చెప్పే కంపెనీ మంచిది, ఏం పర్లేదు రండి అని లాగేది కాదు.

ప్రశ్న: కపడోసియా కాకుండా ఇంకెక్కడ బాగుంటుంది?

జవాబు: జంతువులు చూడాలంటే కెన్యాలో మాసాయి మారా, టాంజానియాలో సెరెంగెటి, మారాలో జూలై నుంచి అక్టోబర్ మధ్య వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకజాతి జంతువుల మందలు కనిపించే ఛాన్స్ ఎక్కువ, ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది. లక్సర్‌లో నైలు ఒడ్డంతా పచ్చగా, దాని పక్కనే ఎడారి, ఆ రెంటి మధ్య గీత పైనుంచే తెలుస్తుంది. నా ఓటు దానికే. వేల గుళ్ళున్న బగాన్ అందమే వేరు గానీ 2021లో మయన్మార్‌లో సైన్యం అధికారం తీసుకున్నాక పరిస్థితులు బాలేవు, ఇప్పటికి పక్కన పెట్టడమే మంచిది. తక్కువ ఖర్చులో కావాలంటే లావోస్‌లో వాంగ్ వియెంగ్ చూడండి.

ప్రశ్న: అందరికంటే ముందు ఎక్కిందెవరని మా పాప అడుగుతోంది.

జవాబు: ఒక గొర్రె, ఒక బాతు, ఒక కోడిపుంజు. 1783 సెప్టెంబర్ 19న ఫ్రాన్స్‌లో వెర్సాయ్‌లో రాజుగారి ముందు మాంట్‌గోల్ఫియర్ అన్నదమ్ములు ఎగరేశారు, మూడూ ప్రాణాలతో దిగాయి, మనుషులు స్వేచ్ఛగా ఎగిరింది ఆ నవంబర్ 21న.

ప్రశ్న: ఏం వేసుకోవాలి?

జవాబు: పొద్దున్నే చలిగా ఉంటుంది కాబట్టి ఒకదానిమీద ఒకటి, దిగేది తడి పొలంలోనైనా కావచ్చు కాబట్టి బూట్లు, బర్నర్ వేడి నడినెత్తిన తగులుతుంది కాబట్టి టోపీ, పొడుగ్గా ఉన్నవాళ్ళకైతే టోపీ మరీ అవసరం.