అందరూ ఒకే బండెక్కండి

ముక్తేశ్వరం

చి.ల.సౌ. బుజ్జికి,

అత్తయ్య ఆశీస్సులు. జూన్‌లో అమ్మానాన్నల్ని ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్తున్నావని మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. ద్రాక్షారామం రమ్మంటేనే ఎండలు తగ్గాక చూద్దాం అని వాయిదాలు వేసే మనిషి, పాస్‌పోర్టు మీద ముద్ర పడిన దగ్గర్నుంచి గొంతే మారిపోయింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం వాడి మోకాళ్ళ గురించి బెంగ.

ఏ రైడ్ ఎక్కాలో, ఏ బొమ్మ పక్కన ఫొటో దిగాలో నువ్వు చూసుకునే ఉంటావు. నేను రాసేది తిరగడం గురించి. పార్కు అంటే ఒక గేటూ, లోపల నాలుగు ఊయలలూ అనుకుని వెళ్తారు మనవాళ్ళు. అది 25,000 ఎకరాలమ్మా. సెంటు భూమి గట్టు కోసం కోర్టు మెట్లెక్కే ఊరివాళ్ళం, ఆ అంకె విని మీ మావయ్య కాసేపు మాట్లాడలేదు. నాలుగు పెద్ద పార్కులు (మేజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్), రెండు నీళ్ళ పార్కులు, లెక్కలేనన్ని హోటళ్ళు. వాటి మధ్య బస్సులు, ఒంటి పట్టా మీద నడిచే మోనోరైలు, పడవలు, తీగల మీద నడిచే పెట్టెలు. అన్నీ ఉచితమే. రోజు పాడయ్యేదీ వాటి దగ్గరే.

ముందు చిన్న సంగతులు. ఎయిర్‌పోర్టు నుంచి హోటల్‌కి ఉచిత బస్సు ఉందని ఎవరైనా చెబితే అది పాత కబురు. 2022 జనవరి నుంచి తీసేశారు. టాక్సీ ముందే మాట్లాడుకో, చంటాడి కార్ సీటు మర్చిపోకు. వాడి తోపుడు బండి బస్సులో మడవాల్సిందే. ఫెర్రీలోనూ మోనోరైల్లోనూ మడవక్కర్లేదు.

పాప్ సెంచురీ హోటల్ తీసుకున్నావట, మంచి పని చేశావు. అక్కడ చెరువు మీదే స్కైలైనర్ స్టేషనుంది, నేను చెప్పిన తీగల మీది పెట్టెలు అవే. కరీబియన్ బీచ్ హోటల్ దగ్గర దిగి మారాలి. అక్కడ్నుంచి ఒక లైను హాలీవుడ్ స్టూడియోస్‌కి పోతుంది, ఇంకోటి ఎప్‌కాట్‌కి. ఎప్‌కాట్‌లో వెనక గుమ్మం దగ్గర దింపుతుంది. ఫొటోల్లో కనిపించే ఆ పెద్ద గోళం ఏదీ అని మీ అమ్మ కంగారు పడుతుంది, లోపలికెళ్ళి నడిస్తే అదే కనబడుతుందని చెప్పు. మేజిక్ కింగ్‌డమ్‌కీ, యానిమల్ కింగ్‌డమ్‌కీ మాత్రం మీకు బస్సే గతి.

ఆ స్కైలైనర్ పెట్టెలు స్టేషన్లో పూర్తిగా ఆగవు. మెల్లగా కదులుతుండగానే ఎక్కాలి. మీ నాన్న "నాకేం, ఎక్కేస్తా" అంటాడు. ఎక్కనివ్వకు. చక్రాల కుర్చీల వాళ్ళ కోసం పెట్టెని ఆపి ఎక్కించే చోటు వేరే ఉంది. అక్కడున్న మనిషికి మోకాలు చూపిస్తే చాలు. పెట్టెలో ఏసీ ఉండదు. కదులుతున్నంతసేపూ గాలి ఆడుతుంది, నడిమధ్యన ఆగిందా, మన రోహిణి కార్తె గుర్తొస్తుంది. అది 2019 సెప్టెంబరు 29న మొదలైంది. వారం తిరక్కుండానే ఒక రాత్రి ఆగిపోయి, జనం గాల్లో గంటల తరబడి ఉండిపోయారు. నీళ్ళ సీసా లేకుండా ఎక్కొద్దు. నేనైతే ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా కళ్ళు తెరవలేదు. కింద ఏముందో నన్నడక్కు.

ఇప్పుడు మీ మావయ్య నిర్వాకం. నీకు ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు, ఆయన చెప్పనివ్వరు.

మా అమ్మాయీ అల్లుడితో మేం వెళ్ళినప్పుడు దిగింది డిస్నీ బయటి హోటల్లో. కార్లో వచ్చేవాళ్ళకి మేజిక్ కింగ్‌డమ్ గుమ్మం దాకా దారి ఉండదు. ఒక పెద్ద సరస్సుకి ఇవతలే కారు ఆపాలి, టిక్కెట్ అండ్ ట్రాన్స్‌పోర్టేషన్ సెంటర్ అంటారు. అక్కడ్నుంచి మోనోరైలైనా, పెద్ద ఫెర్రీ అయినా ఎక్కి అవతలికి పోవాలి. పొద్దున ఫెర్రీలోనే వెళ్ళాం. ఆరొందల మంది పట్టే పడవ, ఈ కొసన ఎక్కి ఆ కొసన దిగడం, అచ్చం మన గోదారి దాటించే కోటిపల్లి పంటే. పైగా డబ్బులడిగేవాడు లేడు. మావయ్య ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రేవు దాటి వెళ్ళొచ్చిన మనిషి కదా, కమ్మీ పట్టుకుని నిలబడి, మన రేవు వేలం పాట ఏ ఏడు ఎంతకి పోయిందో అల్లుడికి దారి పొడుగునా చెప్పారు.

రాత్రి బాణసంచా అయ్యాక జనం ఒక్కసారిగా గుమ్మం మీద పడ్డారు. రైలుకి లైను, పడవకి లైను. పిల్ల నిద్రలో ఉంది. మా అమ్మాయి మావయ్యతోనూ అల్లుడితోనూ "మీరిద్దరూ పడవలో రండి, అమ్మా పిల్లా నేనూ రైల్లో వస్తాం, అవతల కలుద్దాం" అంది. సరే అనుకున్నాం. మేం రైలు దిగి, ఫెర్రీ రేవు దగ్గర నిలబడ్డాం. ఒక పడవ వచ్చింది, లేరు. రెండోది వచ్చింది, లేరు. మూడోదాంట్లోంచి అల్లుడు దిగాడు. చేతిలో పిల్ల చెప్పు ఒకటి ఉంది. పక్కన మావయ్య లేరు. చెప్పు జారిపోయిందని వెనక్కి వెళ్ళి వెతికి తెచ్చేలోపు ఈయన లైన్లోంచి మాయమయ్యారట. ముందు పడవలో వచ్చేశారేమో అనుకుని అతనూ ఎక్కేశాడు.

ఫోన్ చేద్దామంటే ఆయన ఫోను హోటల్ రూములో ఉంది. ఇండియా సిమ్ ఆన్ చేస్తే బిల్లు వాచిపోతుందని అక్కడే వదిలేసి వచ్చారు.

బుజ్జీ, నీళ్ళ ఒడ్డున మనిషి కోసం చూడటం నాకు కొత్త కాదు. ఆ రోజుల్లో మనకి ఫోన్లెక్కడివి. వరద తగిలి పంటు ఆపేస్తే, ఆఖరి పంటు దాటిపోతే, ఆయన అవతల కోటిపల్లిలో ఉండిపోయేవారు. ఇక్కడ నేను అన్నం మీద మూత పెట్టి, అవతలి గట్టు మీద దీపాలు చూస్తూ కూర్చునేదాన్ని. తెల్లారాక మొదటి పంటులో వచ్చి "ఆకలేస్తోంది" అనేవారు, అంతే. అదంతా మన గోదారి. రేవులో ప్రతివాడూ మాస్టారు అని ఎరిగినవాడే. అక్కడ ఆయన ఎవరికి మాస్టారు? నేను అమ్మాయి మీద అరిచాను, అమ్మాయి మొగుడి మీద అరిచింది, పిల్ల లేచి ఏడుపు.

జరిగిందేమిటంటే, పెద్ద ఫెర్రీ రేవుకి కాస్త ఎడంగా చిన్న రేవులున్నాయి. అక్కడ్నుంచి చిన్న పడవలు హోటళ్ళకి పోతాయి. లైను పల్చగా ఉందని, పడవ పడవే కదా అని ఈయన ఒకటెక్కేశారు. అది చీకట్లో పడి వైల్డర్‌నెస్ లాడ్జ్ అనే దుంగల హోటల్‌కి పోయింది. దిగి లోపలికెళ్ళి పార్కింగ్ ఎక్కడని అడిగారట. వాళ్ళు ఆ హోటల్ పార్కింగ్ చూపించారు. అక్కడ అల్లుడి కారు వెతికారు మహానుభావుడు! చివరికి పడవవాడికే దయ కలిగి, వెనక్కి తెచ్చి పెద్ద ఫెర్రీ చూపించాడు. దిగుతూనే నాతో అన్న మొదటి మాట, "ఆ హోటల్లో పొయ్యి ఎనభై అడుగుల ఎత్తుంది, రేపు చూద్దువుగాని." అప్పుడు నేనేమన్నానో రాయను, ఈ ఉత్తరం పిల్లలు కూడా చదువుతారు.

అందుకే చెప్తున్నాను. రాత్రిపూట విడిపోవద్దు. మీరు రెండు ముక్కలై త్వరగా చేరేది ఏమీ లేదు. బస్సు నిండితే తరవాతి బస్సు వస్తుంది. మీ నాన్న జేబులో హోటల్ పేరూ, నీ నంబరూ ఇంగ్లీషులో రాసిన కాయితం పెట్టు. మీ అమ్మకి కూడా. ఇద్దరికీ అక్కడి సిమ్ కొను, ఖర్చు చూసుకోకు. తప్పిపోతే ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడాలని ముందే అనుకోండి. బాణసంచా అవగానే పరిగెత్తకుండా ఎక్కడైనా కూర్చుని, జనం పల్చబడ్డాక బస్సు దగ్గరికి రండి.

జూన్ అంటే ఫ్లోరిడాలో మధ్యాహ్నం దాటాక ఉరుములు, మెరుపులు. పిడుగుల భయానికి స్కైలైనర్, పడవలు ఆపేస్తారు. పొద్దున్నే వెళ్ళి, ఎండ ముదిరే వేళకి రూముకి వచ్చేయండి. ఒకే రోజు రెండు పార్కులు పెట్టుకున్నావట, అది మానెయ్యి. నీకూ మీ ఆయనకీ బాగానే ఉంటుంది. ఒక పార్కు నుంచి ఇంకో పార్కుకి బస్సు కోసం చూడ్డం, ఎక్కడం, దిగడం, మళ్ళీ గేటు దగ్గర లైను, మీ నాన్నకి అక్కడే ప్రాణం పోతుంది.

చక్రాల కుర్చీ తీసుకో. పార్కులో అద్దెకిచ్చేది ఆ పార్కు దాటి బయటికి రానివ్వరు, బస్టాపు దాకా కూడా పనికిరాదు. బయట అద్దెకి దొరికేది హోటల్‌కే తెప్పించుకో. మీ నాన్న వద్దంటాడు. నీకో సంగతి చెప్తాను. చిన్నప్పుడు కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాం. రంగులరాట్నం దగ్గర నిలబడిపోయాడు. నాన్న చేతిలో డబ్బుల్లేవు. ఎక్కుతావా అని నేనడిగితే, నాకు కళ్ళు తిరుగుతాయక్కా అన్నాడు. వాడికి కళ్ళు తిరగవు. ఏదీ అడగడు వాడు, నొప్పి అని కూడా అనడు. నువ్వే చూసుకోవాలి.

ఒక పూట తీరిగ్గా మోనోరైలు ఎక్కించు. 1971లో పార్కు తెరిచిన నాటి నుంచీ ఉంది. కంటెంపొరరీ అని ఒక హోటల్ ఉంటే, దాని మధ్యలోంచి దూసుకుపోతుంది. కోటిపల్లి-నరసాపురం రైలు లైను ఎప్పుడొస్తుందా అని ఇన్నేళ్ళుగా చూస్తున్న మనిషికి అది చూపించాలి. అందులో రెండు రకాలుంటాయి, ఒకటి ఆగకుండా పోతుంది, ఒకటి హోటళ్ళ దగ్గర ఆగుతుంది. ఆగేదే ఎక్కండి. కిటికీ పక్క సీటు వాడికివ్వు.

ఈ ఉత్తరం అందాక ఒకసారి ఫోన్ చెయ్యి. మాకు పొద్దున ఏడయితే మీకు ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. ఆ టైముకి మావయ్య పేపరు కోసం వీధిలోకి వెళ్తారు, మిగతాది అప్పుడు చెప్తాను.

మీ అత్తయ్య