పాత రవ్వ ఉంగరం: ఏ మచ్చతో పేచీ లేదు, ఏ పగులుతో ఉంది

పాత నగల మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో వజ్రపు ఉంగరాల గురించి అడిగినవే ఎక్కువ. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబులు.

*మా నాయనమ్మ ఒంటి రాయి ఉంగరం నాకు వచ్చింది. పైనుంచి చూస్తే రాయి నడిమధ్యలో చిన్న గుండ్రటి రంధ్రం ఉన్నట్టు కనిపిస్తోంది. రాయి కూడా పూర్తి గుండ్రంగా లేదు, మూలలు తేలిన దిండులా ఉంది. షాపులో చూపిస్తే "పాత కటింగమ్మా, లోపం ఉంది, ఇచ్చేసి కొత్తది తీసుకోండి" అన్నారు. నిజంగా లోపమేనా? – తెనాలి పాఠకురాలు*

అది రంధ్రం కాదమ్మా. ఇప్పటి వజ్రాలకు అడుగున మొన సూదిలా తీరుస్తారు. పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల సానపనివాళ్లు ఆ మొనను కావాలనే చిన్న పలకలా అరగదీసేవారు. సూదిమొన ఏ కాస్త దెబ్బ తగిలినా పెచ్చు ఊడుతుంది. ఆ పలకే మీకు పైనుంచి కనిపిస్తున్న గుండ్రటి చుక్క. మిగతా రాయంతా వెలుతురును వెనక్కి తిప్పి మీ కంటికి పంపుతుంది. ఆ ఒక్క చోట మాత్రం వెలుతురు కిందికి జారిపోతుంది.

ఇక దిండు ఆకారం సంగతి. ముడి వజ్రం చాలాసార్లు రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించినట్టు ఎనిమిది ముఖాలతో దొరుకుతుంది. బరువు పోగొట్టుకోకూడదని పనివాడు ఆ చతురస్రపు ఒడ్డూపొడుగునే అనుసరించి, ఒక వజ్రాన్ని మరో వజ్రంతో రాస్తూ చేత్తోనే అంచు తీర్చేవాడు. ఇలా తీర్చినదాన్ని ఓల్డ్ మైన్ కట్ అంటారు. 1870లలో అమెరికాలోని బోస్టన్‌లో హెన్రీ మోర్స్ పనిశాలలో అంచు తీర్చే యంత్రం వచ్చాకే నిండు గుండ్రం సులువైంది. అలా వచ్చిన గుండ్రటి పాత రాళ్లు ఓల్డ్ యూరోపియన్ కట్. ఇప్పటి గుండ్రటి వజ్రపు కొలతలకు దారి వేసింది 1919లో మార్సెల్ టొల్కోవ్‌స్కీ ప్రచురించిన లెక్కలు.

మీ రాయిలో పైభాగం ఎత్తుగా, నడినెత్తిన ఉండే పలక చిన్నదిగా, పక్క పలకలు పెద్దవిగా ఉండాలి. ఒకసారి ఇంట్లో ట్యూబ్‌లైట్ ఆర్పేసి, దేవుడి దగ్గర దీపం ముందు కూర్చుని ఉంగరాన్ని మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి. కొత్త రాయి సన్నటి మిణుకులు బోలెడు చిమ్ముతుంది. పాత రాయి అలా కాదు. ఒక పలక ఎర్రగా వెలిగి ఆరుతుంది, పక్కది పచ్చగా వెలుగుతుంది. దాన్ని ఇచ్చేసి కొత్తది తెచ్చుకోమనడం మాకు సమ్మతం కాదు.

ఒక్క జాగ్రత్త. ఈ పాత తరహా కటింగులో ఇప్పుడు కొత్త రాళ్లు కూడా కోస్తున్నారు, ల్యాబ్‌లో పెంచిన వజ్రాలతో సహా. కాబట్టి బజారులో "పురాతనం" అని అమ్మితే కటింగ్ చూసి నమ్మకండి. బిగింపు పనితనం, బంగారం అరుగుదల, రాయి నడుము అంచున ఏళ్ల తరబడి పడిన సన్నటి గాట్లు, ఇవన్నీ ఒకే వయసు చెప్పాలి.

*మా ఉంగరం రాయిలో నల్లటి చుక్క ఉంది. మచ్చ ఉన్న వజ్రం ఆడపిల్లకి ఇవ్వకూడదని అత్తగారు అంటున్నారు. – రాజమహేంద్రవరం*

సంస్కృత రత్నశాస్త్రాల్లో వజ్రానికి మలం, బిందువు, యవ, రేఖ, కాకపదం అని ఐదు దోషాలు చెప్పారు. చుక్కలా ఉంటే బిందువు, యవగింజలా ఉంటే యవ, కాకి కాలి గుర్తులా చీలితే కాకపదం. భూతద్దాలు లేని రోజుల్లో ఎంత నిశితంగా చూశారో ఆ పేర్లే చెబుతాయి. శుభాశుభాల సంగతి మీ ఇంటి నమ్మకం, అందులో మేం తలదూర్చం. రాయి గట్టితనం సంగతి మాత్రం చెప్పగలం.

మీ నల్ల చుక్క చాలావరకు గ్రాఫైటో, వజ్రం పెరిగేటప్పుడు లోపల చిక్కుకున్న మరో ఖనిజపు స్ఫటికమో అయి ఉంటుంది. చుట్టూ పగులు లేకుండా లోపలే మూసుకుని ఉంటే అది పెరగదు, రాయిని బలహీనపరచదు. నిజంగా భయపడాల్సింది రేఖకీ, కాకపదానికీ. వజ్రాన్ని గీయడం కష్టమే కానీ, దానికి సులువుగా చీలే దిశలు నాలుగున్నాయి. అంచుదాకా వచ్చిన పగులు మీద గట్టు దెబ్బో తలుపు దెబ్బో పడితే ముక్క లేచిపోతుంది.

ఇలా చూడండి. పది రెట్లు పెద్దదిగా చూపే లూప్, అంటే నగలవాళ్లు వాడే చిన్న భూతద్దం, కొనండి. లూప్‌ను కంటికి ఆనించి, రాయిని దానికి అంగుళం దూరంలో పట్టుకోండి. మోచేతులు బల్లమీద ఆనితేగాని చెయ్యి నిలవదు. దీపం పక్కనుంచి రావాలి. ఇప్పుడు పలక మీద కనిపించే దీపం ప్రతిబింబాన్ని మెల్లగా జరపండి. పగులు పైకి వచ్చిన చోట ఆ ప్రతిబింబం వెంట్రుకంత గీత దగ్గర తెగుతుంది. ఎక్కడా తెగకపోతే పగులు లోపలిదే. ముఖ్యంగా రాయిని పట్టుకునే ప్రాంగుల కింద, నడుము అంచు చుట్టూ చూడండి.

పగులు ఒకవైపు వంచితే నారింజ రంగులో, మరోవైపు నీలంగా తళుక్కుమంటే అందులో గాజు నింపారేమో అనుమానించాలి. 1980ల నుంచి ఈ పని జరుగుతోంది, పాత రాళ్లకీ చేస్తారు. వేడి తగిలితే ఆ గాజు పాడైపోతుంది. అందుకని ల్యాబ్ పరీక్ష కాకుండా అలాంటి ఉంగరాన్ని కొలిమి దగ్గరికి పంపకండి.

చుక్క లోపలిదే అయితే మీ అమ్మాయి నిక్షేపంగా పెట్టుకోవచ్చు.

*మా పాత ఉంగరం రాయి అరక్యారెట్ ఉంటుందని ఒకరు, అంతకంటే ఎక్కువని మరొకరు అంటున్నారు. ఊడదీయకుండా తెలుసుకోవచ్చా? సర్టిఫికెట్‌లో కట్ గ్రేడ్ రాకపోతే విలువ పడిపోతుందా? – వరంగల్*

గుండ్రటి రాయికి లెక్క ఉంది. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, దాన్ని లోతుతో, ఆపైన 0.0061తో గుణించండి. కొలతలు మిల్లీమీటర్లలో ఉండాలి. 5.2 మి.మీ. వ్యాసం, 3.5 మి.మీ. లోతు ఉంటే 5.2 × 5.2 × 3.5 × 0.0061, అంటే దాదాపు 0.58 క్యారెట్, 58 సెంట్లు. అదే 5.2 మి.మీ. ముఖం ఉన్న ఇప్పటి రాయి లోతు 3.2 మి.మీ. దరిదాపుల్లో ఉండి 52, 53 సెంట్లే తూగుతుంది. పాత రాయి బరువును లోతులో దాచుకుంటుంది. ముఖం చూసి బరువు చెప్పినవాళ్లు తక్కువే చెబుతారు. ఇది అంచనాయే, దిండు ఆకారానికి ఈ లెక్క సరిపోదు.

వజ్రాలను పరీక్షించి రిపోర్టు ఇచ్చే సంస్థ జీఐఏ. అది కట్ గ్రేడ్, అంటే కటింగ్‌కు మార్కు, ఇచ్చేది ఇప్పటి తరహా గుండ్రటి బ్రిలియంట్‌కే. పాతదైతే ఆకారం దగ్గర "ఓల్డ్ యూరోపియన్ బ్రిలియంట్" అనో "ఓల్డ్ మైన్ బ్రిలియంట్" అనో రాస్తారు, కట్ గ్రేడ్ ఉండదు. గ్రేడ్ లేకపోవడాన్ని తక్కువ మార్కు అని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. పూర్తి రిపోర్టుకు రాయిని విడిగా ఇవ్వాలి. అరిగిన ప్రాంగులను వంచి రాయి తీస్తే అవి విరగొచ్చు కాబట్టి, అమ్మే ఉద్దేశం లేకపోతే ఆ పని పెట్టుకోకండి. కాస్త పసుపు ఛాయ ఉన్నా కంగారొద్దు. అది నైట్రోజన్ వల్ల వచ్చేది. పసుపు బంగారంలో పొదిగితే దాదాపు తెలియదు.

*రాయి అంచున చిన్న పెచ్చు ఊడింది. మళ్లీ సానపట్టించి కొత్త కటింగ్ చేయిస్తే మెరుపు పెరుగుతుందంటున్నారు. చేయించమంటారా? – డాలస్ నుంచి ఒక పాఠకుడు*

మా మాట వద్దనే. కొల్లూరు గనిదని చెప్పే నీలి వజ్రం విటెల్స్‌బాక్ కథ వినండి. మన కృష్ణ ఒడ్డున ఉన్న ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల ముంపులో ఉంది. 2008లో లండన్ వ్యాపారి లారెన్స్ గ్రాఫ్ ఆ వజ్రాన్ని 1.64 కోట్ల పౌండ్లకు కొని, అంచు పెచ్చులు పోవాలని మళ్లీ సానపట్టించారు. 35.56 క్యారెట్లు కాస్తా 31.06 అయ్యాయి. స్వచ్ఛత, రంగు గ్రేడులు పెరిగాయి. మూడు వందల ఏళ్ల నాటి పనితనాన్ని చెరిపేశారని వజ్రాల చరిత్ర తెలిసినవాళ్లు గట్టిగా తప్పుబట్టారు. అంతకుముందు 1852లో కోహినూర్‌ను 186 క్యారెట్ల నుంచి 105.6కి తగ్గించారు. పోయినది మళ్లీ రాదు.

మీ పెచ్చు అరమిల్లీమీటరు లోపు ఉంటే రాయిని కొద్దిగా తిప్పి బిగిస్తే ప్రాంగు కింద దాగిపోతుంది. అంచు మరీ పలచగా ఉండి ఇంకా ఊడే ప్రమాదం ఉంటే, అంచు చుట్టూ బంగారు పట్టీతో బిగించే బిగింపు చేయించండి. పెచ్చు దగ్గర నుంచి లోపలికి పగులు పాకుతుంటే మాత్రం ఆ ఒక్క చోటే సానపట్టమని పాత కటింగ్ తెలిసినవాళ్లను అడగండి. పని మొదలెట్టే ముందే ఎన్ని సెంట్లు పోతాయో రాసివ్వమనండి.

*ఉంగరం మసకబారింది, వేలికి బిగుతు కూడా అయింది. ఇంట్లో కడగొచ్చా? సైజు పెంచేటప్పుడు ఏం చూసుకోవాలి? – విజయవాడ*

ముందు ఉంగరం వెనక్కి తిప్పి చూడండి. రాయి అడుగున బంగారం మూసేసి ఉంటే లోపల వెండి రేకు ఉండొచ్చు. అలాంటిదాన్ని నీళ్లలో ముంచొద్దు. తడి చేరితే రేకు నల్లబడి రాయి చచ్చిపోయినట్టవుతుంది. పొడి మెత్తటి గుడ్డతో తుడవడమే.

వెనక తెరిచి ఉంటే మసకకు కారణం సాధారణంగా జిడ్డే. నూనె వజ్రాన్ని ఇట్టే పట్టుకుంటుంది. గోరువెచ్చటి గ్లాసెడు నీళ్లలో వడగట్టిన కుంకుడు రసం గానీ రెండు చుక్కల గిన్నెల సబ్బు గానీ కలిపి ఇరవై నిమిషాలు నాననివ్వండి. చంటిపిల్లల బ్రష్‌తో అడుగు వైపు నుంచి రుద్దండి, పిండీ పసుపూ చేరేది అక్కడే. సింకులో కాదు, గిన్నె మీద టీ వడపోత పెట్టుకుని కడగండి. చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్ట్ వద్దు. పగుళ్లున్న రాయిని షాపులో అల్ట్రాసోనిక్ యంత్రంలో వేయనివ్వొద్దు.

సైజు పెంచేముందు ప్రాంగులు చూపించండి. చీర దారాలు తగులుతున్నా, చెవి దగ్గర ఆడిస్తే టిక్కుమన్నా ముందు అవి బాగుచేయాలి. ఉంగరం అడుగు అరిగి మిల్లీమీటరు కంటే పలచనైతే సాగదీయకూడదు. అడుగు కోసి, అదే క్యారెట్ బంగారం ముక్క కలపాలి. లేజర్ వెల్డింగ్ ఉన్నచోట ఇస్తే రాయికి వేడి తగలదు. మంటతో అతికేట్టయితే రాయికి బోరిక్ యాసిడ్, స్పిరిట్ పూత వేస్తారా అని అడగండి. పూత లేకుండా కాలితే వజ్రం పైన పాలపొరలాంటి తెలుపు వస్తుంది, దాన్ని పోగొట్టాలంటే సానపట్టాల్సిందే. అతికిన ఉంగరాన్ని దానంతటదే చల్లారనివ్వాలి. వేడి రాయిని నీళ్లలో ముంచితే ఉన్న పగులు ఒక్కసారిగా సాగుతుంది.

ఇచ్చేముందు ఉంగరాన్ని మీ ఎదుటే తూకం వేయించి, రాయి లోపలి చుక్క కనిపించేలా లూప్ మీదుగా ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తిరిగి వచ్చినప్పుడు అది మీ రాయేనని ఆ చుక్కను చూసి పోల్చుకోవచ్చు.