మీ ప్రశ్నకు జవాబు: ఇంట్లో ఏ కడ్డీ ఉంచుకోవాలి?

ప్రశ్న: 2021 నవంబరులో పెన్నా నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. మా అత్తగారు లోపల గడియ పెట్టుకుని ఉన్నారు. తలుపు ఉబ్బి గడియ జరగలేదు. గంటసేపు అందరం టెన్షన్ పడ్డాం. తలుపు పెకలించే సాధనం ఒకటి కొనాలనుకుంటున్నాం. మా ఆయన గడ్డపార చాలంటారు. ఆన్‌లైన్‌లో మడత పెట్టేవి, ఏడు పనులు చేసేవి కనిపిస్తున్నాయి. ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, కోవూరు

జవాబు: అమ్మా, పడుగుపాడు దగ్గర రైలు కట్టే కోసుకుపోయిన వరద అది. అప్పటికి నేను అగ్నిమాపక శాఖలో రిటైరై ఉన్నాను. మా మేనత్త ఇంట్లోనూ సరిగ్గా ఇదే జరిగింది. మోకాటి లోతు నీళ్లలో గడ్డపార పట్టుకొచ్చాం. వాళ్ల నడవ వెడల్పు మూడడుగులు, గడ్డపార ఐదడుగులు. మొన దూర్చి లాగబోతే రెండో కొస ఎదురు గోడకు కొట్టుకుంటోంది. మొన కూడా లావు, సందులో దిగనేలేదు. పక్కింటి సెంట్రింగ్ మేస్త్రీ తన స్కూటర్ డిక్కీలోంచి రెండడుగుల కడ్డీ తెచ్చాడు. దాని ఒక కొస ఉలిలా చదును, రెండోది వంకీ తిరిగి మేకులు పీకే చీలికతో ఉంది. గడియ పక్కన చదును కొస దూర్చి రెండు గుంజులు గుంజాడు. గడియ మరలు ఊడి తలుపు తెరుచుకుంది. మీరు కొనాల్సింది ఆ కడ్డీనే.

పొడవు రెండడుగులకు తగ్గనివ్వకండి. మొనకు ఐదు సెంటీమీటర్ల దగ్గర ఆనించి పట్టామనుకోండి. 60 సెంటీమీటర్ల కడ్డీతో మీ బలం 11 రెట్లవుతుంది, 30 సెంటీమీటర్లదానితో ఐదు రెట్లే. గడ్డపారకు ఇంకా బలం ఉంటుంది, కాదనను. కానీ 25 మిల్లీమీటర్ల కడ్డీ ఐదడుగులంటే దాదాపు ఆరు కిలోలు. ఆరుబయట కూలిన గోడ రాయి లేపడానికి మీ ఆయన మాటే కరెక్టు. గది లోపల, చీకట్లో, నీళ్లలో ఆడవాళ్లూ పెద్దవాళ్లూ ఎత్తాలంటే కిలోన్నర బరువున్నదే నయం.

కొనేటప్పుడు మొన చూడండి. రూపాయి బిళ్ల మందానికి దగ్గరగా ఉంటేనే తలుపు సందులోకి వెళ్తుంది. ఒకే ముక్కను కాల్చి సాగదీసింది కావాలి, వంకీ దగ్గర వెల్డింగ్ అతుకు ఉంటే వద్దు. గుండ్రటి కడ్డీ తడి చేతిలో తిరిగిపోతుంది, ఆరు పలకలదైతే పట్టు దొరుకుతుంది. స్లాబు కమ్మీ ముక్కకు మొన గీయించి ఇస్తామంటారు కొందరు, తీసుకోకండి. కమ్మీని వంగేలాగే చేస్తారు, తలుపు దగ్గరా అలాగే వంగి ఊరుకుంటుంది. మడత పెట్టే రకాలకు కీలు దగ్గరే బలం తక్కువ. వాటి సంగతి అంతే.

కడ్డీ చేతిలోకి తీసుకునే ముందు మెయిన్ ఆపండి, అదీ నీళ్లలో నిలబడకుండా చేయి అందితేనే. రబ్బరు పిడి కరెంటును ఆపుతుందని నమ్మకండి. గ్యాస్ వాసన వస్తే ఇనుముతో కొట్టకండి, నిప్పురవ్వ చాలు. మొన జారితే కడ్డీ ఎటు వస్తుందో ముందే చూసుకుని పక్కకు నిలబడి లాగండి. శిథిలాల కింద మనిషి ఉంటే మటుకు 101కో 112కో ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేలోపు బరువు కొంచెం లేపక తప్పకపోతే, లేచినంత మేరా వెంటవెంటనే చెక్క దిమ్మెలు దోపుతూ పోవాలి. దిమ్మె లేకుండా లేపిన బరువు జారి మళ్లీ ఆ మనిషి మీదే పడటం నేను కళ్లారా చూశాను.

కడ్డీని మెట్ల కింద సామాన్ల గదిలో పెట్టకండి, నీళ్లు ముందు అక్కడికే వస్తాయి. అత్తగారి గదిలో ఒకటి, హాల్లో ఒకటి, తల ఎత్తున మేకుకు తగిలించండి. వానాకాలానికి ముందు కొబ్బరినూనె గుడ్డతో తుడవండి. పాత చెక్కపెట్టె ఒకటి ఉంటే అత్తగారి చేత కూడా ఒకసారి దాని మూత పీకించండి.